మీ బండి ఎత్తు పెంచిన విషయమై

సముద్రం మీద, ఇంజను గదిలో, అరిస్తే తప్ప మాట వినపడని చోట ఉద్యోగం చేస్తున్న శ్రీవారికి మీ భార్య నమస్కరించి రాయునది.

ఇక్కడ నేనూ, అత్తయ్యగారూ, మీ తమ్ముడూ, మీ బండీ అందరం క్షేమం. ఈ నలుగురిలో ఒకరి ఎత్తు మాత్రం మీరు వెళ్ళేనాటికీ ఇప్పటికీ మారింది. అత్తయ్యగారు ఈ వయసులో పెరగరు, మీ తమ్ముడు ఎప్పుడో ఆగిపోయాడు, నా ఎత్తు మీకు తెలిసిందే. కనుక మారినది ఎవరో మీరు ఊహించుకోగలరు. మీరూ, మీరు కాపలా కాసే ఇంజనూ క్షేమమని తలుస్తాను.

మీ కిందటి లేఖ చేరింది. చివరి రెండు పేరాలూ అక్షరాలు కాగితం వెనక్కి తేలేంత గట్టిగా నొక్కి రాశారు కనుక, వాటిని రెండువైపుల నుంచీ చదివే సౌకర్యం కలిగింది. అందులోని ప్రశ్నలకు మీరడిగిన వరుసలో కాక, నాకు అనుకూలమైన వరుసలో జవాబులు సమర్పిస్తున్నాను. ప్రభుత్వ శాఖలో పశువైద్యురాలిగా ఇన్నేళ్ళు పనిచేసినందుకు పశువుల సంగతి ఎలా ఉన్నా, ఆ విద్య మాత్రం అబ్బింది.

ముందుగా అత్తయ్యగారి మోకాలు. బాగుంది. మాత్రలు వేళకు వేసుకుంటున్నారు. వేసుకోలేదని నాకు అనుమానం వచ్చిన రోజున, వేసుకున్నానని ఆవిడే ఇంకాస్త గట్టిగా చెబుతున్నారు. మెట్లు దిగడం కష్టంగా ఉందన్న మాట నిజమే కానీ ఎక్కడం సులువైంది. ఏవి ఎక్కుతున్నారన్నది కింద వివరించబడింది.

బండిని వారానికోసారి స్టార్టు చేసి, కాసేపుంచి ఆపుతున్నావా అని అడిగారు. స్టార్టు చేయమన్న ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఆపమన్న ఆదేశం అమలులో కొంత ఆలస్యం జరుగుతోంది.

ఇక మీ తమ్ముడు ఫోనులో "ఏం లేదన్నయ్యా, ఊరికే, టైరు సైజు గుర్తులేక" అని ఎందుకు నసిగాడన్నది మీ అసలు ప్రశ్న. నా మరిది గురించి మీకు నేను చెప్పాలా? అతను అబద్ధం ఆడలేడు. మీకు నిజం చెప్పే ధైర్యం లేదు. ఈ రెంటికీ మధ్య మిగిలే ఇరుకు జాగాలో నిలబడి నసుగుతాడు. అతన్ని ఏమీ అనకండి. నేను చేయమన్నదే చేశాడు. అతను చేయాలనుకున్నది ఇంకా ఘోరం.

అసలు సంగతి మొదటి నుంచీ చెబుతాను. మీరు ఓడెక్కాక వచ్చిన వానల్లో కొండ మీది మేతబీళ్ళలో గొర్రెలకు పారుడు రోగం సోకింది. నేను ఐసుపెట్టెలో టీకా మందు పెట్టుకుని శాఖవారి కారులో బయలుదేరాను. ఏటి దాకా వెళ్ళాను. ఏరు మోకాలి లోతే ఉంది. కానీ శాఖవారి కారుకు మోకాళ్ళు లేవు. ముందు చక్రాలు నీటిలో దిగగానే అది పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. అవతలి ఒడ్డున కాపరులు నిలబడ్డారు. ఇవతల నేను నిలబడ్డాను. నీళ్ళ మోత మీదుగా వాళ్ళు రోగలక్షణాలు అరిచారు, నేను చికిత్స అరిచాను. "డాక్టరమ్మా, మందు ఇటు విసరలేవా?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఆయన ఎగతాళికి అడగలేదండీ. విసిరితే అందుతుందేమోనని నిజంగానే అడిగాడు. పెట్టెలో ఐసు కరిగేదాకా అక్కడే ఉండి, తిరిగి వచ్చాను.

ఆ తరవాత శాఖ ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ వానాకాలమంతా ఏటి అవతల ఒక్క పశువుకైనా వైద్యం జరిగినట్టు రికార్డు లేదు. అంటే అక్కడ వైద్యం అవసరమైన పశువులు లేవని అర్థం. కనుక ఏటి అవతలి మందలన్నీ తిరిగే ఆ సర్క్యూట్‌కు వైద్యుడి పోస్టు అనవసరం. ఈ తర్కంలో లోపం ఎక్కడుందో నేను ఒక పూటంతా వెతికాను. తర్కంలో లోపమేమీ లేదు. గొర్రెలే రికార్డులోకి ఎక్కకుండా చచ్చిపోయే పొరపాటు చేశాయి.

మా పై అధికారిని మీరు ఒకసారి చూశారు. ఏ మాట చెప్పినా "పరిశీలిద్దాం" అంటారు కనుక ఆఫీసంతా ఆయన్ని పరిశీలిద్దాంగారనే పిలుస్తుంది. ఆయన గదికి వెళ్ళి, పోస్టు తీసేయవద్దనీ, నాకివ్వమనీ అడిగాను.

"అక్కడికి బండి పోదు కదమ్మా."

"పోయే బండి ఉంటే?"

"ఉంటే, వానల్లో మా కళ్ళ ముందు ఏరు దాటి చూపిస్తే, అప్పుడు..."

"పరిశీలిస్తారా?"

"మంజూరే చేస్తాను పో," అన్నారాయన, నవ్వుతూ. ఆయన దృష్టిలో అది కాదనడానికి అత్యంత మర్యాదైన మార్గం. నా దృష్టిలో అది షరతు. నేను నవ్వకుండా నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

ఇంటికొచ్చేసరికి మన ముంగిట్లో నీలం పట్టా కింద మీ బండి ఉంది. దాన్ని నేను కొత్త కళ్ళతో చూడటం అదే మొదటిసారి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండిని ఏరికోరి కొని, ఆ నాలుగు చక్రాలనూ సిమెంటు మీదే నిలిపిన ఘనత మీకు దక్కుతుంది. సెలవుల్లో వచ్చినప్పుడల్లా దాన్ని కడిగారు, తుడిచారు, సాయంత్రం పూట దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. దానితో పాటు నన్ను కూడా ఎక్కడికో తీసుకెళ్తానన్నారు. మేమిద్దరం ఎదురుచూశాం. ముందు విసుగెత్తింది నాకు.

మరునాడు బండిని మీ తమ్ముడి మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్ళాను. అత్తయ్యగారు కూడా వచ్చి, అరిగిన టైర్ల దొంతర మీద పైట సర్దుకుని కూర్చున్నారు. మీ తమ్ముడు బండ్ల కింద పనిచేసే గోతిలోంచి తల బయటపెట్టి విషయం విన్నాడు. మొదట భయపడ్డాడు. తరవాత భయం మరిచిపోయాడు. ఎందుకంటే బండిని ఎత్తు లేపమని అతన్ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదట.

"పెడితే ఆరంగుళాలు పెట్టాలి వదినా. రెండంగుళాలంటే చెప్పులు మార్చుకున్నట్టుంటుంది."

"ఆరంగుళాలు లేస్తే ఏమవుతుంది?"

"చూసినవాళ్ళు రెండడుగులు వెనక్కేస్తారు."

"నేను వెళ్ళేది గొర్రెల దగ్గరికి. నా సూది చూసి అవి ఎలాగూ వెనక్కేస్తాయి."

"అయినా ఆ ఠీవి వేరు వదినా..."

"ఒరే," అన్నారు అత్తయ్యగారు టైర్ల మీంచి, "నేనెక్కాలా వద్దా అందులోకి?"

"నువ్వెందుకమ్మా ఎక్కడం?"

"ఎక్కనని నేనెప్పుడన్నాను?"

ఆరంగుళాల ప్రతిపాదన అక్కడికి సగం వీగిపోయింది. మిగతా సగాన్ని వీగించింది మీరే. అవును, ఎత్తు గురించి నేనడిగిన లేఖకు జవాబుగా, పని మొదలయ్యే ముందు చేరిన మీ లేఖే. అందులో మీరు గరిమనాభి గురించి రాసిన పేరాను మీ తమ్ముడికి చదివి వినిపించాను. బండి ఎంత పైకి లేస్తే దాని బరువు కేంద్రం అంత పైకి పోతుందనీ, పక్కవాలు దారిలో అంత తొందరగా ఒరుగుతుందనీ, ఇంజను నుంచి చక్రాలకు బలం మోసే కడ్డీ కోణం మారి అరిగిపోతుందనీ, బ్రేకు గొట్టాలు పొట్టివై లాగేస్తాయనీ మీరు రాసినదంతా నిజమేనని అతను ఒప్పుకున్నాడు. మీ అభ్యంతరాలన్నిటితోనూ నేను ఏకీభవిస్తున్నాను. అందుకే ఆరు కాదు, రెండు. అసలు వద్దని మీరు తేల్చిన చోట మాత్రం మన దారులు చీలాయి. "కంపెనీ ఇంజనీర్లు లెక్కలు కట్టి పెట్టిన ఎత్తు అది, దాన్ని మార్చడానికి నువ్వెవరు?" అని రాశారు. ఆ ఇంజనీర్ల మీద నాకు గౌరవం ఉంది. వారు ఆ ఏటిని చూడలేదు. నేను చూశాను. నేనెవరంటే, చూసినదాన్ని.

ఒక సంగతి మీకు కూడా తెలియదేమో, చెబుతాను. స్ప్రింగులు ఎంత మార్చినా బండి పొట్ట పైకి లేస్తుందే కానీ ఇరుసు లేవదు. రాళ్ళకు తగిలేది ఆ ఇరుసే. దాన్ని లేపేది టైరు ఒక్కటే. కాబట్టి ముందు టైరు ఎంచుకున్నాం. పెద్ద టైరు పట్టాలంటే దానిపైన జాగా కావాలి, ఆ జాగా కోసం స్ప్రింగు ఎత్తు పెంచాలి, పెరిగిన ఎత్తుకు తగ్గ పొడుగు షాక్ అబ్జార్బర్లు కావాలి. చవగ్గా అయిపోయే మార్గం ఇంకొకటుంది. చాసిసుకూ పైబాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. మీ తమ్ముడు ఆశగా చూపించాడు కానీ నేను తిరస్కరించాను. కాళ్ళు అలాగే ఉంచుకుని కాలరు ఎగరేసినట్టుంటుంది. పెద్ద టైరు తొడిగి, స్టీరింగు చివరికంటా తిప్పి, ఒక చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి, ఎక్కడ రాసుకుంటుందో సుద్దముక్కతో గీసి చూశాం. రెండంగుళాలు లేపితే ఎక్కడా రాసుకోలేదు. అంతకు మించి లేపితే అది ప్రయాణం కోసం కాదు, పక్కింటివాళ్ళ కోసం.

అప్పుడు మీ తమ్ముడు అసలైన ప్రశ్న అడిగాడు.

"బండిలో ఎప్పుడూ ఉండే బరువెంత వదినా? ఎక్కిదిగే బరువు కాదు. దిగని బరువు."

"అదెందుకు?"

"దాన్ని బట్టే స్ప్రింగు గట్టిదా మెత్తదా అన్నది. మెత్తది పెట్టి బరువేస్తే కూలబడుతుంది. గట్టిది పెట్టి ఖాళీగా తోలితే గంతులేస్తుంది. మధ్యలో ఏదీ ఉండదు."

నేను నిజం చెప్పాను. టీకా మందుల ఫ్రిజ్జు, పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం, నీళ్ళ డ్రమ్ము, మందుల పెట్టెలు, నేను, అత్తయ్యగారు. అత్తయ్యగారు తమ బరువును జీవితంలో మొదటిసారి నలుగురిలో ప్రకటించారు. మీ తమ్ముడు ఆ అంకెను విని గౌరవంతో కొంచెం పెంచి రాసుకున్నాడు. స్ప్రింగులు గట్టివే వచ్చాయి. పక్కన ఎక్కడానికి ఇనుప మెట్టు, పట్టుకోవడానికి పిడి కూడా అమర్చాడు. పైన చెప్పిన ఎక్కడమంటే ఇదే.

"అన్నయ్యకు తెలిస్తే నా తోలు తీస్తాడు," అన్నాడు చివరి నట్టు బిగిస్తూ. "అన్నయ్య బండి కదమ్మా ఇది."

"వాడు ఓడ మీదుంటే వాడిదెలా అవుతుందిరా? ఇంటి ముందున్నది ఇంటిదే," అన్నారు అత్తయ్యగారు. ఇది నా మాట కాదు. మీ కన్నతల్లి మాట. సమాచార నిమిత్తం యథాతథంగా పొందుపరిచాను.

పెద్ద టైర్లు వేశాక స్పీడు ముల్లు తక్కువ చూపిస్తుంది. బండి అది చెప్పేదానికంటే ఎప్పుడూ కొంచెం ముందే ఉంటుంది. నాకు ఆ గుణం నచ్చింది.

తరవాత పరీక్ష రోజు. వాన తెరిపిచ్చింది, ఏరు కాఫీ రంగులో పోతోంది. పరిశీలిద్దాంగారు గొడుగు వేసుకుని ఇవతలి ఒడ్డున నిలబడ్డారు. సంతలో పొట్టేళ్ళు అమ్ముడుపోక వెనక్కి వెళ్తున్న కాపరులు ఏరు తగ్గితే దాటుదామని అక్కడే చతికిలబడ్డారు. వాళ్ళలో మందు విసరమన్న ఆ పెద్దాయన కూడా ఉన్నాడు. నేను సామాను మొత్తం నింపుకుని, అత్తయ్యగారినీ మీ తమ్ముడినీ ఎక్కించుకుని, స్ప్రింగులు పొందిగ్గా కూర్చున్న బండితో వెళ్ళాను. పరిశీలిద్దాంగారు లోపలికి తొంగిచూసి తల అడ్డంగా ఊపారు.

"ఆ ఫ్రిజ్జు, చట్రం శాఖవి కదమ్మా. మంజూరు కాని వాహనంలో ప్రభుత్వ సామగ్రి ఎక్కించకూడదు. దించేయండి."

"ఈ సామగ్రి మోయడానికే కదండీ ఈ పరీక్ష?"

"మంజూరైతే మొయ్యొచ్చు."

"మొయ్యగలదని తేలితేనే మంజూరవుతుంది."

"అదే. అందుకే ముందు దించండి."

దించాం. నీళ్ళ డ్రమ్ము, మందుల పెట్టెలూ శాఖవే కనుక అవీ దిగాయి. అత్తయ్యగారూ మీ తమ్ముడూ కూడా మెట్టు మీంచి దిగి, డ్రమ్ము పక్కన నిలబడ్డారు. గట్టి స్ప్రింగుల మీద ఖాళీ బండి. నీళ్ళలోకి దిగగానే మీ తమ్ముడు చెప్పినట్టే గంతులు మొదలుపెట్టింది. ఏటి అడుగున రాయి రాయికీ నేను సీటు మీంచి లేచి పడ్డాను. నీళ్ళయితే దాటింది. అవతలి ఒడ్డు బురద వాలు మీద వెనక చక్రాలు ఎగిరెగిరి, పట్టు దొరక్క గిర్రున తిరిగి, అక్కడే ఆగిపోయాయి. ఒడ్డు నా ముందు మూరెడు దూరంలో ఉంది. మెల్లగా వెనక్కి దించుకుని తిరిగొచ్చాను.

"ప్రయత్నం బాగుందమ్మా," అన్నారు పరిశీలిద్దాంగారు గొడుగు మూస్తూ. "ఇక..."

"ఒక్క ప్రయత్నమేనని షరతులో లేదు."

"లేదు. కానీ..."

"బండిది తప్పు కాదు సార్," అన్నాడు మీ తమ్ముడు. "దాన్ని బరువుకని కట్టాను. నాలుగు రాళ్ళేసుకుంటే చాలు, చూడండి ఎలా పోతుందో." వంగి ఏటి ఒడ్డున ఒక బండరాయి మీద చేయి వేశాడు.

"ఆ రాళ్ళు ముట్టుకోకు బాబూ! ఏటి రాళ్ళు వేరే శాఖవి. వాళ్ళ అనుమతి కావాలి."

మీ తమ్ముడు కాలిన పెనం మీద చేయి పెట్టినట్టు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు అత్తయ్యగారు ముందుకొచ్చారు.

"ఏమండీ, మనుషులు ఏ శాఖవాళ్ళు?"

పరిశీలిద్దాంగారు మూసిన గొడుగును చేతిలో తిప్పారు. "మనుషులు... ప్రత్యేకించి ఏ శాఖ కిందికీ రారమ్మా."

"పొట్టేళ్ళు?"

"అవి ప్రైవేటు ఆస్తి."

"అయితే ఎక్కండయ్యా!" అని కాపరులకేసి తిరిగి చేయి ఊపారు. "అవతలికే కదా పోవాలి? ఎక్కండి. వాటినీ ఎక్కించండి. ఆ కొమ్ములది నా పక్కకొద్దు."

"అమ్మా, అధికారిక వాహనంలో ప్రైవేటు వ్యక్తులు..." అని ఆయన అందుకోబోయారు.

"ఇది ఇంకా అధికారికం కాలేదు కదండీ," అన్నాను నేను. "కాలేదనేగా ఫ్రిజ్జు దించమన్నారు. ఇది ప్రస్తుతం మా ఇంటి బండి. మా ఇంటి బండిలో మేం ఎవరినైనా ఎక్కించుకుంటాం."

ఆయన గొడుగుతో సహా రెండడుగులు వెనక్కేశారు. కాపరులు ఎక్కారు. పొట్టేళ్ళను కాళ్ళూ చెవులూ పట్టుకుని ఎక్కించారు. పెద్దాయన ఎక్కుతూ, "డాక్టరమ్మా, మునిగితే ముందు పొట్టేళ్ళను దించు, మేం ఈదుతాం," అన్నాడు. అత్తయ్యగారు ఇనుప మెట్టు మీద కాలేసి, పిడి పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా ముందు సీటులో కూర్చున్నారు. మీ తమ్ముడు టైర్లలో కొంచెం గాలి తీశాడు. రాళ్ళ మీద టైరు పరుచుకుని పట్టు చిక్కుతుందట.

ఈసారి బండి గంతులేయలేదు. కడుపునిండిన మనిషిలా నింపాదిగా నీళ్ళలోకి దిగింది, రాళ్ళను ఒక్కొక్కటిగా తొక్కింది, బురద వాలు ఎక్కడానికి కాస్త ఆలోచించింది, ఎక్కింది. పొట్టేళ్ళు తప్ప ఎవరూ అరవలేదు. మొదట అవతలి నేల మీద దిగింది ఆ పెద్దాయన. దిగి, బండి ముందుభాగాన్ని గొర్రెను తట్టినట్టు తట్టాడు.

ఇవతలి నుంచి పరిశీలిద్దాంగారు అరిచారు. "బాగుందమ్మా! వెనక్కి రండి, పరిశీలిద్దాం!"

నేను అరిచాను. "అవతలి ఒడ్డు చేరినట్టు మీరు ఈ ఒడ్డుకు వచ్చి ధ్రువీకరించాలి కదండీ!"

"ఇక్కణ్ణుంచి కనబడుతోంది!"

"ఏమంటున్నారో వినబడటం లేదు సార్! నీళ్ళ మోత!"

వినబడింది. అది మీకు మాత్రమే చెబుతున్నాను.

బరువు తగ్గితే మళ్ళీ గంతులు తప్పవు కనుక కాపరులనూ పొట్టేళ్ళనూ మళ్ళీ ఎక్కించుకుని వెనక్కి వెళ్ళి, మా అధికారిని తీసుకొచ్చాను. వారు వెనక సీటులో రెండు పొట్టేళ్ళ మధ్య, గొడుగు నిలువుగా పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు బండి గడపకు తగిలినప్పుడు ముందుకు వంగి అత్తయ్యగారి భుజం పట్టుకున్నారు. ఈ సంగతి ఎక్కడా చెప్పవద్దని నన్ను కోరారు. సముద్రం మీద ఉన్నవారు "ఎక్కడా" కిందికి రారని నా అవగాహన. అవతలికి చేరాక ఆయన కాసేపు మేతబీళ్ళకేసి, మందలకేసి, నీళ్ళకేసి చూశారు. "ఇంతమంది ఉన్నారా ఇక్కడ?" అన్నారు. అక్కడే, మంజూరు కాగితాన్ని బండి బానెట్ మీద పెట్టి, సంతకం చేశారు. పరిశీలిద్దాం అనలేదు.

ఇంతవరకూ రాసినది మీకు కోపం తెప్పించేది. ఇకపై రాయబోయేది మిమ్మల్ని కాసేపు ఊరికే కూర్చోబెట్టేది. అందుకే వెనక ఉంచాను.

ఈ పోస్టు వారానికోసారి వెళ్ళి వచ్చేది కాదండీ. అక్కడే ఉండాలి. ఏటి అవతల, మందల మధ్య, రేకుల కప్పున్న రెండు గదుల ఇంట్లో. పోస్టు అడిగిన రోజునే, మూడేళ్ళు ఉంటానని నేను ఒప్పుకున్నాను. బండి ఎత్తు గురించి మీకు తొలి లేఖ రాయడానికి ముందే ఒప్పుకున్నాను. మిమ్మల్ని సలహా అడిగినట్టు రాసిన ఆ లేఖ సలహా కోసం కాదు. మీరు వద్దంటే ఎలా ఉంటుందో ముందుగా చూసుకుందామని రాశాను. వద్దన్నారు. చూసుకున్నాను. తట్టుకోగలనని తేలింది.

"నేను సెలవుకు వచ్చేదాకా ఆగు, కూర్చుని మాట్లాడుకుందాం" అని రాశారు. ఆగడం లేదు. మీరు సెలవుకు వచ్చేసరికి మేం అక్కడుంటాం. రోగం మీ సెలవు చూసుకుని రాదు. వానలు అంతకంటే రావు. "కొండ మీది పశువులకు నువ్వొక్కతెవే దిక్కా?" అని కూడా రాశారు. వెటకారంగా అడిగారని అర్థమైంది కానీ, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం నా విధి. అవును. ఆ సర్క్యూట్‌లో మంజూరైన పోస్టు ఒకటే. "ఆడదానివి, ఒంటరిదానివి" అన్నారు. మొదటి ఆరోపణను అంగీకరిస్తున్నాను. రెండోది వాస్తవ విరుద్ధం. అత్తయ్యగారు నాతో వస్తున్నారు. రమ్మని నేను అడగలేదు. "నన్నిక్కడ నీ మరిది నట్లూ బోల్టుల మధ్య వదిలేస్తావా?" అని ఆవిడే అడిగి, జవాబుకు ఆగకుండా పెట్టె సర్దుకున్నారు. ఇల్లు మీ తమ్ముడు చూసుకుంటాడు. ముందు గదిలో ఇప్పటికే ఒక గేరుబాక్సు చేరింది. దాని గురించి మీరిద్దరూ మాట్లాడుకోండి, నేను కల్పించుకోను.

మీకు కోపం రావడం న్యాయమే. ఇన్నాళ్ళూ మీరు సముద్రానికి వెళ్ళేటప్పుడు నేను రేవు దాకా వచ్చి చేయి ఊపాను. ఎన్నాళ్ళకు వస్తారని అడిగానే కానీ, వెళ్ళొద్దని ఒక్కసారీ అనలేదు. ఆ పని మీదని నాకు తెలుసు కనుక. ఇది నాది. ఒడ్డున నిలబడి మందు విసరమంటే విసరలేక తిరిగొచ్చిన ఆ రోజు నుంచీ ఇది నాదే. మీరు చేయి ఊపకపోయినా నేను వెళ్తాను. ఊపితే బాగుంటుంది.

ఇంకొక్క మాట. మీ తమ్ముడు దిగని బరువు ఎంతని అడిగినప్పుడు మీ బరువు నేను కలపలేదు. అన్నయ్య సంగతేమిటని అతను అడిగాడు కూడా. అన్నయ్య ఎక్కిదిగే మనిషి అన్నాను. కోపంతో అనలేదు, స్ప్రింగు కోసం అన్నాను. నిజం చెప్పకపోతే స్ప్రింగు కుదరదు. మూడేళ్ళ తరవాత మీరు ఓడ దిగి నేల మీదే ఉండదలిస్తే మీ తమ్ముడు స్ప్రింగులు మారుస్తాడట. ఆ నిర్ణయం మీది. నేను ఒత్తిడి చేయను. మీరు నా మీద చేసిన ఒత్తిడి ఎలా పనిచేసిందో చూశారుగా.

మీరు వచ్చేటప్పుడు ఏటి దాకా బస్సు వస్తుంది. అక్కడ దిగి నిలబడండి. అరవనక్కర్లేదు, కాపరులు చూసి నాకు చెబుతారు. నేను వచ్చి తీసుకెళ్తాను. బండి గురించీ, పోస్టు గురించీ, నా గురించీ మీకున్న అభ్యంతరాలను వెంట తెచ్చుకోండి, ఒక్కటీ వదలకండి. అవి అవతలి ఒడ్డున మాత్రమే స్వీకరించబడును.

ఇట్లు,
సంచారంలో ఉన్న
మీ భార్య